బొండాం పట్టుకెళ్లకండి: డయాలసిస్ మనిషికి తోడుగా ఉండడం ఎలా

కిడ్నీలు పాడైన మా చిన్నాన్నకి డయాలసిస్ (మిషనుతో రక్తం శుభ్రం చేయడం) మొదలైన వారంలో ఇంటికొచ్చిన బొండాలు లెక్కపెడితే ముప్పై నాలుగు తేలాయి. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి వైపు, ఉద్దానం. సొంత కొబ్బరితోట ఉన్నవాడికి చుట్టాలు బొండాలు మోసుకురావడం ఏమిటని పిన్ని నవ్వింది కూడా. వచ్చినవాళ్ల తప్పేం లేదు. జబ్బు మనిషిని చూడ్డానికి ఉత్తచేతులతో వెళ్లకూడదని మనకి చిన్నప్పుడే నేర్పారు. మన దగ్గర చేతికి అందేది బొండామే.

మూడోసారి డయాలసిస్‌కి వెళ్లినప్పుడు అక్కడి టెక్నీషియన్ కుర్రాడు మాటల్లో అడిగాడు, "ఇంటి దగ్గర ఏం తాగుతున్నావు తాతా?" అని. చిన్నాన్న ఉన్నమాట చెప్పేశాడు. ఆ కుర్రాడు చేతిలో ట్యూబు పక్కన పెట్టి నావైపు తిరిగాడు. "అన్నా, ఈ మనిషి బతకాలని ఉందా లేదా మీకు?"

సంగతేమిటంటే, ఒంట్లో ఎక్కువైన పొటాషియాన్ని బయటికి పంపేవి కిడ్నీలే. అవి పనిచేయకపోతే అది రక్తంలోనే పేరుకుంటుంది. బాగా పెరిగితే గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. పెద్ద గ్లాసుడు కొబ్బరినీళ్లలో 400 నుంచి 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. మనం ప్రేమకొద్దీ పట్టుకెళ్లిన బొండాం ఆయనకి విషంతో సమానం.

ఆ రోజు నుంచి చేసిన తప్పుల వల్లా, దిద్దుకున్న తప్పుల వల్లా నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో, స్నేహితుల్లోనో డయాలసిస్ మనిషి ఉంటే పనికొస్తుంది. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో అలాంటి మనిషి లేని ఊరు వెతుక్కోవాలి.

ముందు మన బుర్ర సరిచేసుకోవాలి

ఈ జబ్బు అంటుకోదు. కలిసి తింటే రాదు, ఎంగిలి గ్లాసులో తాగితే రాదు, ఒకే మంచం మీద పడుకుంటే రాదు. ఇది అందరికీ తెలుసని మీరు అనొచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. ఒకరోజు పొద్దున్నే చిన్నాన్నతో టీ కొట్టుకి వెళ్తే, అందరికీ గాజు గ్లాసులో పోసిన మనిషి ఆయనకి మాత్రం కాగితం కప్పు తీశాడు. కావాలని చేసినట్టు కూడా లేదు, చెయ్యి దానంతటదే అటు వెళ్లింది. చిన్నాన్న తాగాడు, డబ్బులిచ్చాడు, వచ్చేశాం. తర్వాత నెలరోజులు ఆ దారిన వెళ్లలేదు. అడిగితే "ఎండ ఎక్కువగా ఉంది" అనేవాడు. అప్పుడు నడుస్తున్నది మార్గశిరం.

ఇలాంటి చోట గొడవ పడకండి, అక్కడ నిలబడి ఆరోగ్యపాఠం చెప్పకండి. మీ గాజు గ్లాసు ఆయన చేతికిచ్చి ఆ కాగితం కప్పు మీరు తీసుకోండి, అంతే. రెండోసారి నేను అదే చేశాను. మూడోసారికి కొట్టాయనే గ్లాసు మార్చాడు.

రెండోది తప్పు వెతకడం. "బాగా తాగేవాడా?" "ఏం తిన్నాడో, ఏం చేశాడో" అని ఆరా తీస్తారు. వేరే చోట్ల కిడ్నీలు పాడవడానికి షుగరు, బీపీ పెద్ద కారణాలు. ఉద్దానంలో ఆ రెండూ లేనివాళ్లకీ, చుక్క ముట్టనివాళ్లకీ, తోటల్లో కూలికెళ్లే ఆడవాళ్లకీ కూడా వచ్చింది. నీళ్లు, నీళ్లలోని సిలికా, పురుగుమందులు, మండుటెండలో నీళ్లు తాగకుండా చేసే చాకిరీ, ఒళ్లునొప్పులకి మింగే బిళ్లలు ఇలా చాలావాటి మీద పరిశోధనలు జరిగాయి. ఇదొక్కటే కారణం అని ఇంతవరకు తేలలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకి, నికరాగువాలో చెరకు కూలీలకి ఇలాంటిదే వచ్చింది, అక్కడా ఇదే తంతు. పెద్దపెద్ద డాక్టర్లు తేల్చలేనిది మనం అరుగు మీద కూర్చుని తేల్చేసి, ఒక మనిషి మీద తప్పు మోపకూడదు.

చూడ్డానికి ఎప్పుడు వెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి

డయాలసిస్ అయిన రోజు సాయంత్రం వెళ్లొద్దు. నాలుగు గంటలు సూదుల మీద పడుకుని, మళ్లీ ఆటోలో ఇంటికొచ్చిన మనిషి పిండేసిన గుడ్డలా ఉంటాడు. మీరొచ్చారని లేచి కూర్చుంటాడు, నవ్వుతాడు, మీరు వెళ్లాక వాంతి చేసుకుంటాడు. మర్నాడు పొద్దున్న వెళ్లండి. ఆ పూట కాస్త ఊపిరి పోసుకుని ఉంటాడు.

బొండాం సంగతి చెప్పాను. అరటిపళ్లు, బత్తాయిలు, పనసతొనలు, ఎండు ఖర్జూరం కూడా అంతే. కామరాక కాయలు (స్టార్ ఫ్రూట్) అసలే వద్దు, కిడ్నీలు పోయినవాళ్లకి అవి మెదడు మీద పనిచేస్తాయి. ఆపిల్ ఒకటి రెండు ముక్కలైతే సాధారణంగా పర్వాలేదు గానీ, అదీ ఇంట్లోవాళ్లని అడిగి. ఉత్తచేతులతో వెళ్లలేని మనసైతే ఒక మంచి దుప్పటి పట్టుకెళ్లండి. డయాలసిస్ గదిలో చలేస్తుంది, ఒంట్లో రక్తమంతా మిషను గుండా తిరిగి వస్తుంటే లోపల్నుంచి కూడా చలి. మా చిన్నాన్నకి వచ్చిన వస్తువులన్నిటిలో బాగా వాడింది మా మేనత్త తెచ్చిన ఆకుపచ్చ దుప్పటినే.

ఇంటికి వెళ్లాక "ఒక్క గ్లాసు మజ్జిగ తాగు, నా మీద ఒట్టు" అని బలవంతపెట్టకండి. మూత్రం రాని మనిషి తాగిన ప్రతి చుక్కా ఒంట్లోనే ఉంటుంది. కాళ్లు ఉబ్బుతాయి, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి రాత్రి పడుకోలేడు. రోజుకి ఎంత తాగాలో డాక్టరు కొలిచి చెబుతారు. మా ఇంట్లో ఒక సీసా మీద మార్కరుతో గీతలు గీశాం. వైశాఖం ఎండల్లో మధ్యాహ్నం రెండయ్యేసరికి ఆ సీసా చివరి గీతకి వచ్చేస్తుంది. అప్పుడు చిన్నాన్న నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలించి ఉమ్మేస్తాడు. ఉమ్మేటప్పుడు ఆయన మొహం చూడకుండా ఉండడం మా అందరికీ అలవాటైంది. మీరు వెళ్లినప్పుడు ఆయన ఎదురుగా కూర్చుని చెంబెత్తి గటగటా తాగొద్దు. దాహమేస్తే వంటింట్లోకి వెళ్లి తాగి రండి.

ఏం మాట్లాడాలి

మా వైపు కొత్త కుశలప్రశ్న ఒకటి పుట్టింది: "క్రియాటిన్ ఎంత?" కిడ్నీలు ఎంత పాడయ్యాయో చెప్పే రక్తపరీక్ష అంకె అది, క్రియాటినైన్. పదో తరగతి మార్కులు అడిగినట్టు అడుగుతారు. ఎనిమిదంటే ఒక మొహం, పదకొండంటే ఇంకో మొహం. దయచేసి అడక్కండి. ఆ అంకెతో మీరు చేసేదేమీ లేదు, ఆయనకేమో రాత్రంతా అది బుర్రలో తిరుగుతుంది.

"అయ్యో, ఎంత చిక్కిపోయావు" అనొద్దు. ఆయనకి అద్దం ఉంది. "ఫలానా ఊళ్లో పసరు తాగితే డయాలసిస్సే మానేశాడంట" అని అస్సలు అనొద్దు. పసరు మందు తాగి డయాలసిస్ మానేసి వారం తిరక్కుండా పోయినవాళ్లు మా మండలంలోనే ఉన్నారు. "ధైర్యంగా ఉండు" అనే మాట వినడానికి బాగుంటుంది. కానీ అదన్నాక అవతలి మనిషి భయంగా ఉందని చెప్పుకునే దారి మూసుకుపోతుంది. "నీకు భయంగా ఉందా?" అని అడగండి. అడిగి ఊరుకోండి. జవాబు వచ్చేదాకా ఫోను తీయకండి.

మిగతాది నాకు చిన్నాన్నే నేర్పాడు. ఆయనకీ పక్కతోట మావయ్యకీ గట్టు మీద పాతికేళ్ల తగువు. ఏటా తొలకరికి ముందు గట్టు చెక్కేటప్పుడు ఇద్దరూ తోటలో నిలబడి ఊరంతా వినబడేలా అరుచుకునేవాళ్లు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి రెండు తోటలూ నేలమట్టమైనప్పుడు కూడా, పడిపోయిన చెట్టు ఎవరిదని మూడు రోజులు వాదించుకున్నారు. డయాలసిస్ మొదలైన ఏడాది చిన్నాన్న కావాలనే గట్టుని నాలుగు వేళ్లు అటు జరిపించాడు. జరిపించి మంచమేసుకుని తోటలో కూర్చున్నాడు. మావయ్య వచ్చాడు, చూశాడు, "పర్వాలేదులే అన్నియ్యా, ఉంచుకో" అన్నాడు. వెళ్లిపోయాడు.

ఆ రాత్రి చిన్నాన్న అన్నం తినలేదు. "నన్ను సచ్చినోడి లెక్కలో రాసీసినాడ్రా" అన్నాడు.

మన జాలిలో ఉండే దెబ్బ అదే. ముందుగా మనిషిని పోట్లాటలోంచి తీసేస్తాం. తర్వాత పేకాటలోంచి, తర్వాత చీటీ లెక్కల్లోంచి, తర్వాత సలహా అడగడంలోంచి. మనిషి ఇంకా మంచం మీద కూర్చునే ఉంటాడు, కానీ ఆయన మాటకి ఎవరూ అడ్డు చెప్పరు. కాబట్టి చేయాల్సిందిది: ఆయనతో ఇదివరకు మీరేం చేసేవారో ఒక కాగితం మీద రాసుకోండి. క్రికెట్ మీద వాదనా, రాజకీయమా, అప్పు వసూలా, ఎరువుల ధర గురించి తిట్టుకోవడమా. వాటిలో కూర్చుని చేయగలిగినవన్నీ మళ్లీ మొదలుపెట్టండి. ఆయన మీకు బాకీ ఉంటే అడగండి. నెమ్మదిగానే అడగండి, కానీ అడగండి. నేను మావయ్య దగ్గరికి వెళ్లి సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు తల గోక్కున్నాడు. మర్నాడు పొద్దున్నే పార పట్టుకొచ్చి, "ఎవడబ్బ సొమ్మని జరిపావు గట్టు?" అన్నాడు. చిన్నాన్న లేచి నిలబడ్డాడు. ఆ నెలంతటిలో అంత వేగంగా లేవడం నేను చూళ్లేదు.

పెళ్లికి పిలవండి

"పాపం ఎక్కడ తిరగగలడు" అని శుభలేఖ ఇవ్వడం మానేస్తారు. రాలేకపోతే ఆయనే రానంటాడు, అది మీరు తేల్చకండి. డయాలసిస్ ఏయే రోజుల్లోనో కనుక్కుని, ఆ రోజు కాకుండా మరో పూట కార్యమేదైనా ఉంటే దానికి రమ్మనండి. బంతిలో కూర్చున్నాక మాత్రం "ఒరే, ఆయనకి పనసపొట్టు కూర వెయ్యకు, ఆయన కిడ్నీ!" అని వడ్డించే కుర్రాడికి కేకెయ్యొద్దు. నా చెవులతో విన్నాను. "ఆయన కిడ్నీ" అట. పక్కన కూర్చుని మెల్లగా విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టడానికి ఒక మనిషి చాలు.

డయాలసిస్ రోజు వంతులు వేసుకోండి

వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు. రానూపోనూ, మిషను ఖాళీ కోసం చూడ్డం కలుపుకుంటే రోజు పోయినట్టే. తోడెళ్లే మనిషికి కూలి పోతుంది. ఇదివరకు విశాఖకో బరంపురానికో పోవాల్సివచ్చేది. ఇప్పుడు సోంపేట, పలాస లాంటి చోట్ల ప్రభుత్వ కేంద్రాలున్నాయి, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి కూడా మొదలైంది. దారి తగ్గింది గానీ రోజు మాత్రం తగ్గలేదు.

"ఏదైనా అవసరమైతే చెప్పండి" అని వచ్చేయడం సాయం కాదు. ఎవరూ చెప్పరు. "బుధవారం నేను తీసుకెళ్తాను" అనండి. మా వీధిలో మూడిళ్లవాళ్లం వంతులు వేసుకున్నాం. గోడ మీద క్యాలెండరులో ఇంటిపేరులో మొదటి అక్షరం రాస్తాం, తప్పించుకోవడానికి లేకుండా. (తప్పించుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లతో మాట్లాడ్డం మానలేదు. క్యాలెండరులో వాళ్ల అక్షరం మాత్రం మానేశాం.)

వెళ్లేముందు తెలుసుకోవాల్సింది ఫిస్టులా చెయ్యి. మోచేతి దగ్గరో మణికట్టు దగ్గరో రెండు రక్తనాళాలు కలిపి కుడతారు, అది పనికొచ్చేసరికి ఆరు వారాలో ఇంకా ఎక్కువో పడుతుంది. ఆ చెయ్యే ఆయన ప్రాణం. ఆటో ఎక్కేటప్పుడు ఆ చెయ్యి పట్టి లాగొద్దు. ఆ చేతికి బీపీ పట్టా చుట్టనివ్వొద్దు, రక్తం తీయనివ్వొద్దు, బరువు సంచి తగిలించొద్దు. మంచిగా ఉన్న ఫిస్టులా మీద వేలు పెడితే జుమ్మని అదురుతుంది. మా పాప రోజూ బడికి వెళ్లేముందు తాత చేతికి చెవి ఆనించి "తాతా, లోపల తుమ్మెద ఉందా?" అంటుంది. ఉందంటే బడికి పోతుంది. ఒకరోజు ఆ తుమ్మెద పలక్కపోతే ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. సూది తీసిన చోట ఇంటికొచ్చాక రక్తం కారితే వేలితో గట్టిగా నొక్కి పట్టుకోండి, ఆగకపోతే 108. చేతులు కాళ్లు ఉన్నట్టుండి పట్టు తప్పినా, గుండె దడదడలాడినా అంతే, తెల్లారేదాకా చూడొద్దు.

ఆ గదిలో ఒక లోకం ఉంటుంది. పక్కపక్క మంచాల మీద ఏళ్ల తరబడి అవే మొహాలు. ఎవరి కూతురు ఎక్కడ చదువుతోంది, ఎవరికి మనవడు పుట్టాడు, అన్నీ తెలుసు వాళ్లకి. బయట ఎవరికీ చెప్పుకోనివి అక్కడ చెప్పుకుంటారు. కాబట్టి మీరు తోడెళ్లినప్పుడు ఆయన పక్కనే కూర్చుని నాలుగు గంటలూ కబుర్లు చెప్పాల్సిన పనిలేదు. కాసేపు బయటికి వెళ్లి, వాళ్లని వాళ్ల మానాన వదిలేయండి.

ఒకరోజు పక్కమంచం ఖాళీగా ఉంటుంది. ఎవరూ ఏమీ అనరు. కొత్త మనిషి వచ్చి ఆ మంచం మీద పడుకుంటాడు. ఆ రోజు ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో నేను "అవన్నీ ఆలోచించకు చిన్నాన్నా" అన్నాను. తప్పు మాట అన్నాను. రెండోసారి అలా జరిగినప్పుడు "ఆయనది ఏ ఊరు?" అని అడిగాను. మందస వైపు మనిషి, జీడితోట, ఇద్దరు కొడుకులు సూరత్‌లో ఉంటారు, పాటలు బాగా పాడేవాడు. ఊరు చేరేదాకా చెబుతూనే ఉన్నాడు. దినానికి వెళ్దామా అంటే తలూపాడు. వెళ్లాం.

ఆవిడని కూడా పలకరించండి

"మీ సిన్నాన్న ఎలాగున్నాడని అందరూ అడుగుతారు. నాను తిన్నానా అని ఒక్కరూ అడగరు" అని పిన్ని ఒకసారి అంది. ఉప్పు లేని కూర వేరే, మిగతావాళ్లకి కూర వేరే. కూరగాయలు తరిగి నానబెట్టి, ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోసి మళ్లీ వండాలి. రాత్రి ఆయన ఆయాసపడితే లేవాలి. ఆవిడని వారానికి ఒక పూట ఇంట్లోంచి బయటికి పంపండి. పుట్టింటికో, సంతకో, బారువ సముద్రపు ఒడ్డుకో. ఆ పూట ఆయన్ని మీరు చూసుకోండి.

జబ్బు ఆడమనిషికి వస్తే ఇంకో రకం. ఆవిడే వండి పెట్టి డయాలసిస్‌కి వెళ్లడం చూశాను. కిడ్నీ మార్పిడి మాటొచ్చినప్పుడు అందరి చూపూ ఇంట్లో ఆడవాళ్ల మీదకే పోతుంది. మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ, తీసుకునేవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. భార్యనో, తల్లినో, అక్కనో "నువ్వివ్వొచ్చు కదా" అని నలుగురిలో అడగకండి. ఇవ్వాలనుకున్నవాళ్లు డాక్టరుతో ఒంటరిగా మాట్లాడుకుంటారు. ఇవ్వలేననే హక్కు కూడా వాళ్లకుంది. బ్రెయిన్‌డెడ్ అయినవారి అవయవాల కోసం ప్రభుత్వ జీవన్‌దాన్ పథకంలో పేరు నమోదు చేయించే దారి ఉందని మాత్రం కుటుంబానికి చెప్పండి.

పింఛను, కాగితాలు

2019 నుంచి డయాలసిస్ వాళ్లకి నెలకి 10,000 రూపాయల పింఛను వస్తోంది. "నెల తిరిగేసరికి పదివేలు, నీకేం బాబూ" అనేవాళ్లున్నారు. ఆ మాట అన్న నోటితోనే చేబదులు అడిగేవాళ్లూ ఉన్నారు. మీరు ఆ ఇద్దరిలో ఉండకండి. చేతనైతే కాగితాల పని చేసిపెట్టండి: వైద్యసేవ కార్డు, ఆధార్, పాత రిపోర్టులు తారీఖుల వరసలో ఒక ఫైలు, అన్నిటికీ రెండేసి జిరాక్సులు.

సంబంధం వచ్చినప్పుడు

"ఆ ఊరా? అక్కడ కిడ్నీలు పోతాయట కదా" అన్న మాట మీద ఆగిపోయిన సంబంధాలు ఇక్కడ ప్రతి వీధిలో ఉన్నాయి. ఉద్దానమంటే ఉద్యానవనమని పెద్దలు చెప్పేవాళ్లు, ఇప్పుడా పేరే పిల్లలకి అడ్డం పడుతోంది. పిల్ల తరఫువాళ్లకి నేను చెప్పేది, దాచొద్దు. తండ్రికి డయాలసిస్ నడుస్తోందని మొదటి మాటల్లోనే చెప్పేయండి. పెళ్లయ్యాక తెలిస్తే ఆ పిల్ల బతుకంతా మాట పడుతుంది. ఇంట్లో ఒకరికి ఉంటే మిగతావాళ్లు ఏడాదికోసారి రక్తంలో క్రియాటినైన్, మూత్రంలో ఆల్బుమిన్ (ప్రొటీను) చూపించుకోవడం ఎటూ మంచిదే. వచ్చేవాళ్లకి నేను చెప్పేది, ఊరిపేరు చూసి వెనక్కి తిరక్కండి, పిల్లతో మాట్లాడండి. మధ్యవర్తులకైతే చెప్పేదేం లేదు, వాళ్లు వినరు.

"ఇంక రాను" అన్నప్పుడు

ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు అంటాడు. పొద్దున్న ఆటో వచ్చి నిలబడ్డాక, "ఇంక సాలు, నన్నొగ్గీండి" అంటాడు. అప్పుడు తిట్టొద్దు, ఏడవొద్దు, పిల్లల్ని ముందు నిలబెట్టొద్దు. ఆటోని పంపేసి పక్కన కూర్చోండి. ముందు ఒంటి సంగతి అడగండి. పోయినసారి పిక్కలు పట్టేశాయా, బీపీ పడిపోయిందా, సూది దగ్గర నొప్పా? చాలాసార్లు అక్కడే ఉంటుంది సంగతి. ఎక్కువ నీరు ఒక్కసారే లాగితే కండరాలు పట్టేసి నరకం కనిపిస్తుంది. అది టెక్నీషియన్‌కి, డాక్టరుకి చెబితే మార్చగలిగేదే. మా చిన్నాన్న మొదటిసారి రానన్నది అందుకే. చెప్పుకోడానికి సిగ్గుపడ్డాడు, అంతే.

ఒళ్లు కాదు, మనసే అయితే సూటిగా అడగండి: "చచ్చిపోవాలని ఉందా?" ఆ మాట అడిగితే లేని ఆలోచన పుట్టదు. అడగనందువల్లే మనిషి లోపల్లోపల కుమిలిపోతాడు. ఉందంటే ఒంటరిగా వదలకండి. తోటకి తెచ్చిన పురుగుమందు, గుళికల డబ్బాలు ఆ రోజే ఇంట్లోంచి తీసేసి వేరే ఇంట్లో పెట్టండి. 14416కి ఫోను చేయండి, టెలీ మానస్, డబ్బులు పడవు, రాత్రి పగలు తెలుగులో మాట్లాడతారు. ముందు మీరు మాట్లాడి, తర్వాత ఫోను ఆయన చేతికివ్వండి. డయాలసిస్ డాక్టరుకి కూడా చెప్పండి. నిద్రపట్టకపోవడం, తిండి మీద విరక్తి, ఇష్టమైన మనుషుల్ని చూసినా మొహం తిప్పుకోవడం రెండు వారాలు దాటి ఉంటే దానికి మందులున్నాయి. కిడ్నీ జబ్బుకి సరిపడేవి డాక్టరే రాయాలి, మెడికల్ షాపులో అడిగి కొనకండి.

అన్నీ చూసి, ఇంక మిషను వద్దని మనిషి నిదానంగా, తెలిసే అంటే అది వేరే సంగతి. అప్పుడూ డాక్టరుతో కలిసి కూర్చునే మాట్లాడాలి. మాట్లాడేటప్పుడు ఆయన ఆ గదిలోనే ఉండాలి.

మళ్లీ బొండాం సంగతి

మా ఇంటికి వస్తే చిన్నాన్న మీకు బొండాం కొట్టిస్తాడు. ఎడమచెయ్యి ఫిస్టులా కాబట్టి తను కత్తి పట్టడు, మొద్దు మీద ఎలా పెట్టాలో, ఎక్కడ నరకాలో మా అబ్బాయికి చెబుతూ పక్కన నిలబడతాడు. దాహమైన మనిషి ముందు నీళ్లు తాగొద్దని పైన నేనే రాశాను. ఇది మాత్రం తాగండి. ఆయన చెట్టు, ఆయన కాయ, ఆయన పెట్టేది. "మీ ముందు నేనెలా తాగను" అని వెనక్కి నెట్టొద్దు, చాటుకి వెళ్లి తాగొద్దు. ఎదురుగా నిలబడి తాగి, లోపలి లేతకొబ్బరి గీరుకుని తిని, ఎలా ఉందో చెప్పండి. ముదిరిపోయిందనిపిస్తే ముదిరిందనే చెప్పండి. ముదర్లేదని ఆయన మీతో ఓ పావుగంట వాదిస్తాడు. గబుక్కున ఒప్పేసుకోకండి.